కాలికి పట్టిన పాచి

భూమి లోపల, ఎండ ఎప్పుడూ చూడని లోతులో, మూడు రోజులు ఇరుక్కుపోయి, ఈల వేసుకుంటూ బయటికి వచ్చిన మనిషిని నేను. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన వాళ్లలో ఈ మాట చెప్పుకోగలిగిన వాళ్లు ఎక్కువమంది లేరు. తిండి లేదు. దీపాలు ఆరిపోయాయి. తలమీది బండ ఏ క్షణాన దిగుతుందో తెలియదు. పక్కనున్న వాళ్లు ప్రార్థనలు చేసుకుంటూ ఉంటే నేను వాళ్లకు పాటలు పాడి వినిపించాను. పైకి వచ్చాక మా ఆవిడ చేతి రాగిముద్ద తిని, మర్నాడే మళ్లీ డ్యూటీకి దిగాను.

దీన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. గని మూసేసిన చాలా ఏళ్లకు, కోలారు ఆసుపత్రిలో నన్ను ఒక మంచం మీద పడుకోబెట్టి కాలు కింద పెట్టొద్దన్న డాక్టరమ్మకు మొట్టమొదట చెప్పుకున్నది ఇదే.

"మూడు దినాలు బండ కింద ఉండినవాణ్ణి. నీ మంచం నాకొక లెక్కా అమ్మా" అన్నాను.

ఆమె చిన్న వయసుది. గౌనిపల్లి దగ్గర మామిడి తోటలున్న ఇంటి పిల్ల, మా యాసే మాట్లాడేది. నా కాలి కట్టు విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నది: "బండ కింద కాలు కదిలించేదానికి వీలుండదు కదా తాతా, అందుకే బతికినారు. ఈడ వీలుండాది. నా భయమంతా అదే."

ఆ కాలి సంగతి చెప్పాలంటే నా పని సంగతి చెప్పాలి. నేను గనిలో పంపుల దగ్గర ఉండేవాణ్ణి. బంగారం తవ్వే వాళ్లు వేరు, రాయి పేల్చే వాళ్లు వేరు. అడుగున ఊరే నీళ్లను ఆగకుండా పైకి తోడటం మా పని. నీళ్లు పీల్చే గొట్టం చివర, చెత్త పోకుండా ఒక ఇనుప జల్లెడ ఉంటుంది. దానికి పాచి పట్టేది. చీమిడిలాగా జారుతూ, ఒకచోట తెల్లగా, ఒకచోట మట్టి రంగుగా ఉండేది. దీపం తప్ప వెలుగు లేని చోట, ఆకు అలము లేని చోట అది ఎక్కడి నుంచి పుట్టేదో మాకు అంతు చిక్కేది కాదు. పైనుంచి ఏవో పొడులు పంపేవారు. కలిపి పోస్తే పైపొర కొట్టుకుపోయేది, జల్లెడ మెరిసేది, మేము సంతోషించేవాళ్లం. మళ్లీ డ్యూటీకి దిగేసరికి జల్లెడ మూసుకుపోయి పంపు దగ్గుతూ ఉండేది. చివరికి ఇనుప తీగల బ్రష్షు తీసుకుని, కింద ఇనుము గరగరమని తగిలేదాకా గీకడమే. అది కూడా మళ్లీ మళ్లీ గీకాలి. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటూ రోజూ ఈ పాచినే తిట్టేవాణ్ణి. మా ఆవిడ నీళ్లు పోస్తూ వినేది.

తర్వాత గని మూసేశారు. పంపులు ఆపేశారు. పంపులు ఆగితే కింద నీళ్లు లేస్తాయి. అవి ఒక్కొక్క అంతస్తే మింగుతూ పైకి వస్తుంటాయని మా లైన్లలో అందరికీ తెలుసు. లైన్లంటే గని పనివాళ్లకు వరసగా కట్టిన చిన్న ఇళ్లు, ఒక గదికి కొంచెం ఎక్కువ, రెండు గదులకు తక్కువ. ఆ ఇల్లే మాకు మిగిలింది. తక్కిన వాళ్లలాగే నేనూ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరికి పోయి, ఒక పెద్ద భవనం గేటు దగ్గర కాపలా ఉండి, రాత్రికి తిరిగి వచ్చేవాణ్ణి. ఆ ఉద్యోగానికి బూట్లు కావాలి. గనిలో ఇచ్చిన బూట్లు నా దగ్గర ఉన్నాయి. అడుగు అరిగితే అడుగు వేయించాను, మళ్లీ అరిగితే మళ్లీ వేయించాను. వాటిని వదలడానికి మనసు రాలేదు.

అప్పటికే నాకు చక్కెర జబ్బు ఉంది. పాదాలు మొద్దుబారాయి. మొదట తిమ్మిరి, తర్వాత దూది మీద నడుస్తున్నట్టు ఉండటం, ఆ తర్వాత ఏమీ లేదు. ఏ మనిషైనా దీనికి భయపడతాడు. నేను మాత్రం గర్వపడ్డాను. అది గని కాలు అనుకున్నాను. రాళ్ల మీద, వేడి నీళ్లలో ముప్పొద్దులా తిరిగి రాటుదేలిన కాలు, దాన్నేమీ చేయలేరు అనుకున్నాను. మా వాళ్లలో ఈ నమ్మకం నా ఒక్కడికే కాదు. పాదంలో నొప్పి తెలియని ముసలి పనివాణ్ణి చూసి, "వాడిది అండర్‌గ్రౌండ్ కాలప్పా" అని మెచ్చుకునేవాళ్లం. రైల్లో ఎదుటి సీటు వాళ్లను నవ్వించడానికి నేను బూటు విప్పి, పిన్నీసు తీసి మడమలో గుచ్చుకుని చూపించేవాణ్ణి. ఆడవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. మగవాళ్లు ఇంకోసారి చూపించమనేవాళ్లు.

ఒక సాయంత్రం ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. మా ఆవిడ వాకిలి నుంచి లోపలిదాకా నేలను చూస్తూ వచ్చింది. ఆమెది కామసముద్రం దగ్గర రాగి పండించే ఇల్లు. నేల మీద ఏమున్నా ఆమె కంటికి ఆనుతుంది.

"ఏమయ్యా, ఆ బూటు తియ్యి. నేల మీద ఎర్రగా ఏమో ఉండాది."

"వక్కాకు ఉమ్మేమో మే."

"నువ్వు ఉమ్మేది వాకిట్లో. లోపలికి నడిచి వచ్చిన ఉమ్ముని నేను ఇంతవరకూ చూడలా."

బూటు తీస్తే మేజోడు తడిసి ఉంది. బొటనవేలి పక్క వేళ్ల కింద, అరికాల్లో ఒక రంధ్రం. కొత్తగా వేయించిన అడుగులోంచి మొల పైకి వచ్చి, పొద్దుటి నుంచీ నాతోపాటు బెంగుళూరు పోయి వచ్చింది. నేను దాని మీదే నిలబడి కాపలా కాశాను.

లైన్లలో మాత్రం ఇంకోలా చెప్పాను. గనిలోకి దిగే పాత షాఫ్టు దగ్గర నడుస్తుంటే బంగారు రేకు ఉన్న తెల్లరాయి ముక్క గుచ్చుకుందన్నాను. మొల గుచ్చుకుందని చెప్పుకోవడానికి నామోషీగా ఉండింది. రాయి ఎక్కడుందని ఇద్దరు ముగ్గురు వెతకడానికి కూడా పోయారు.

ఇక డబ్బా సంగతి. మా లైన్లలో ప్రతి ఇంట్లోనూ ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది, దాంట్లో మాత్రలు. గని నడిచే కాలంలో ఆసుపత్రి మాది, మందులు ఊరికే. కాగితం పొట్లంలో ఇస్తే సగం మింగి సగం దాచుకునేవాళ్లం. ఆసుపత్రి పోయినా ఆ అలవాటు మాత్రం మిగిలింది. ఎవరికి ఏ మందు రాసినా, రెండు పూటలకు నెమ్మదిస్తే తక్కినవి డబ్బాలో పడతాయి. పక్కింటికి కరివేపాకు ఇచ్చినట్టు వాటిని ఇచ్చుకుంటాం. ఆదివారం చర్చి మెట్ల దగ్గర "నాకు చీము పట్టింది" అంటే చాలు, మధ్యాహ్నానికల్లా మూడు రంగుల గొట్టం మాత్రలు ఇంటికి వచ్చేవి. అది మాకు మర్యాద. ఇవ్వని వాళ్లను పిసినారులు అనేవాళ్లం.

నా కాలికి లైనంతా మందిచ్చింది. ఎర్ర మాత్ర రెండు రోజులు వేసుకుంటే పుండు ఆరింది. ఆపాను. మళ్లీ చెమ్మ వచ్చింది. పసుపు పచ్చనిది వేశాను. ఆరింది, ఆపాను. ఎవరి గొంతు నొప్పికో రాసింది ఒకటి, ఎవరి మూత్రం మంటకో రాసింది ఒకటి. పైన పొర కట్టినప్పుడల్లా నేను బూటు తొడుక్కుని రైలెక్కేవాణ్ణి. నొప్పి లేదు కదా. చివరికి వాసన వచ్చింది. అది నాకు తెలియలేదు. మా ఆవిడ కిటికీ తెరిచి, "ఎలుక చచ్చిందేమో" అని మూలలన్నీ వెతికి, చివరకు నా మంచం దగ్గర ఆగింది. సంచిలో రెండు చీరలు, నా లుంగీలు పెట్టుకుని కోలారు బస్సు ఎక్కించింది.

డాక్టరమ్మ సన్నటి కడ్డీ ఒకటి పుండులోకి దించింది. అది ఆగిన చోట టక్కుమని చప్పుడు. ఆ చప్పుడు నేనూ విన్నాను. అది ఎముక. పుండును కడిగి, చచ్చిన కండ గీకి, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఒకసారి గీకితే అయిపోయిందని నేను అనుకున్నాను. కొన్ని రోజులు బుద్ధిగానే పడుకున్నాను.

పడుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కాలి కింద రెండు దిండ్లు, మోకాలి దాకా కట్టు. మంచం చుట్టూ ఎన్ని అడుగులు ఉన్నా నావి కావు. కిటికీలోంచి ఒక గోడ కనిపించేది, దాని మీద ఒక తీగ. వార్డులో మనుషులు మారేవాళ్లు, గోడ మారేది కాదు. ఎవరు వచ్చినా నా కాలితో మాట్లాడి పోయేవాళ్లు. కళ్లు మూసుకుంటే మా ఇంటి కింద నీళ్లు లేస్తున్నట్టు అనిపించేది. పంపు నా చేతిలో లేదు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసే వీలు లేదు. కాలి లోపల కూడా అదే జరుగుతోందని తెలుసు. ఎంత దూరం ఎక్కిందో చెప్పడానికి నొప్పన్నా లేకపోయె.

అక్కడ పడుకుని ఉండగానే, నేను ఇరుక్కున్న ఆ పాత రోజు నిజంగా ఎలా జరిగిందో గుర్తుకు వచ్చింది. ఇక్కడ చెప్పేస్తాను. మూడు రోజులు కాదు, ఒక పూట కూడా కాదు. బండ పడలేదు. మమ్మల్ని పైకి తెచ్చే కేజ్, అంటే గని లిఫ్టు, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది, అంతే. దాంట్లో అందరం నిలబడే ఉన్నాం, కూర్చునే చోటు కూడా లేదు. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎవరూ పాడలేదు. ఈల వేద్దామని నేను నోరు సున్నాలా చుట్టాను. గాలి రాలేదు. ముందున్న వాడి వీపుకు నుదురు ఆనించి, కేజ్ కదిలేదాకా కళ్లు తెరవలేదు. మర్నాడు డ్యూటీకి పోలేదు, జ్వరమని చెప్పాను. రాగిముద్ద తిన్నమాట మాత్రం నిజం.

ఆ మంచం మీద కూడా నాకు గాలి ఆడలేదు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ బట్టలు ఉతకడానికి పోయినప్పుడు లేచాను. కట్టు మీదే నడిచి, వరండా దాటి, ఆవరణ బయట టీ కొట్టుకు పోయి, నిలబడి టీ తాగాను. ఎంత బాగుందో చెప్పలేను. పలకరించిన వాళ్లందరికీ గని కథలు చెప్పాను. తిరిగి చూస్తే వరండా పొడవునా కట్టు ముద్రలు, తడిగా. మా ఆవిడ బకెట్టుతో ఎదురుగా నిలబడి ఆ ముద్రలను చూస్తోంది.

మర్నాడు డాక్టరమ్మ పరీక్ష కాగితం తెచ్చి మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. డాక్టర్లు కూర్చున్నారంటే మంచి మాట ఉండదు.

"తాతా, మీ కాల్లో ఉండే క్రిమి మీద మేము ఎప్పుడూ ఇచ్చే మందులన్నీ వేసి చూసినారు. అన్నిటి పక్కనా ఆర్ అనే ఉండాది. ఆర్ అంటే ఆ మందుకు అది లొంగదని."

"ఒక్కటి కూడా లొంగదా?"

"ఒకటుండాది. సూది మందు. అది మూత్రపిండాలకు మంచిది కాదు, రోజూ చూసుకుంటా ఇయ్యాల."

"అదీ పని చెయ్యకపోతే?"

"ఇంగ నా దగ్గర లేదు."

మా ఆవిడ అడిగింది, "మాత్ర ఏస్తే ఆరతా ఉండె గదమ్మా. ఎట్లా మళ్లీ మళ్లీ వచ్చింది?"

"పైకి ఆరిందమ్మా. ఈ క్రిములు విడివిడిగా తిరిగేటప్పుడు మందు వాటిని పట్టుకుంటాది. పుండు లోపల, ఎముక మీద అవి గుంపుగా అంటుకోని, జిగురు చేసుకోని దాంట్లో దాక్కుంటాయి. పళ్లకు పాచి పడతాది చూడండి, అట్ల. మందు పైపొరను చంపతాది. లోపలవి కొన్ని నిద్రపోయినట్టు పడుంటాయి, వాటికి మందు తగలదు. మీరు రెండు దినాలకే ఆపేస్తే మెత్తవి చస్తాయి, మొండివి మిగులుతాయి. అవే పిల్లలు పెడతాయి. ఎర్ర మాత్రకు ఒకసారి, పచ్చ మాత్రకు ఒకసారి, ఇట్ల లైనంతా కలిసి వాటికి చదువు చెప్పినారు."

ఆ పాచి తీయాలంటే గీకాలి, ఒకసారి కాదు, మళ్లీ కట్టకముందే మళ్లీ గీకుతూ ఉండాలి, అలా గీకినప్పుడే మందు లోపలికి దిగుతుంది అన్నది. నేను టీకి పోయిన నడకతో రెండు వేళ్ల ఎముక పాడైంది, వాటిని తీసేయాలి. ఒప్పుకోకపోతే పైకి పాకుతుంది. అప్పుడు మోకాలి కింద నుంచి తీయాల్సి వస్తుంది. అలా చెబుతూ ఆమె తన అరచేతి అంచును నా పిక్క మీద ఆనించింది. అక్కడ నాకు స్పర్శ ఉంది. చల్లగా తగిలింది.

కాలు పోతే నాకు రైలు లేదు. గేటు లేదు. లైను ఇంటి గడప ఎత్తు, గది ఇరుకు, చక్రాల కుర్చీ తిరగదు. కిటికీ పక్క మంచం, కిటికీలోంచి గని ఇసుక దిబ్బలు, చచ్చేదాకా అంతే. కేజ్ ఆగిపోయి ఇక కదలనట్టు.

ఇక్కడే నేను నా బుర్రకు పని చెప్పాను. లేచి కూర్చుని, గొంతు సవరించుకుని ఇలా అన్నాను: "అమ్మా, నువ్వు చెప్పింది నాకు కొత్త కాదు. ముప్పై ఏండ్లు నేను చేసింది ఇదే. నా కాలు పంపు జల్లెడ. పైన ఏం పోసినా పైపొరే పోతాది. ఇనుము తగిలేదాకా గీకాల. ఆ వేళ్లు తీసెయ్యి, మిగిలింది గీకు, నువ్వు అలిసిపోయేదాకా గీకు." డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసి, ఇంత బాగా మా ప్రొఫెసర్లు కూడా చెప్పలేదు తాతా అన్నది. వార్డంతా నా వైపు తిరిగి చూసింది. నేను నవ్వుతూ ఆపరేషన్ థియేటర్లోకి పోయాను.

వేళ్లు రెండూ తీశారు. రోజు విడిచి రోజు గీకారు. గీకుతున్నా నాకు తెలిసేది కాదు, చప్పుడు మాత్రం వినిపించేది. ఆ చప్పుడు నాకు పాతదే. సూది మందు ఎక్కుతూ ఉంటే మా ఆవిడ నా మూత్రం కొలిచి నర్సుకు చెప్పేది. పుండు అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించిన రోజు డాక్టరమ్మ ఫోన్లో ఫోటో తీసి నాకు చూపించింది. రాగి పైరు మొలకెత్తినట్టు సన్నగా, గింజలు గింజలుగా ఉంది.

కాలు మిగిలింది. ఇంటికి వచ్చాను. విడుదల అయిందని మాత్రం అనుకోవద్దు. పుండు పూర్తిగా మూసుకోలేదు. మూసుకున్నా మళ్లీ తెరుచుకోదని ఎవరూ మాట ఇవ్వలేదు. వారానికి ఒకసారి కోలారుకు పోవాలి, గీకించుకోవాలి. తక్కిన రోజులన్నీ కాలు దిండు మీద. పొద్దున్నే రైలు కూత వినిపిస్తుంది. ఎక్కేవాళ్లు మా కిటికీ పక్కగా పోతూ "ఏమప్పా, ఎప్పుడొస్తావు" అని అడుగుతారు. వచ్చే వారం అంటాను. ప్రతి వారం అదే అంటాను. బూట్లను మా ఆవిడ ఏం చేసిందో అడగలేదు. మాత్రల డబ్బాను ఖాళీ చేసి దాంట్లో ఆవాలు పోసింది. మొన్న పక్కింటామె జ్వరమని రెండు మాత్రలు అడగడానికి వస్తే, ఆవాలు కావాలంటే తీసుకో అన్నది. ఆమె కోపం చేసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు మేము లైన్లో పిసినారులం.

ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె నా ఎదురుగా కూర్చుని రాగులు చెరుగుతోంది. కేజ్ దగ్గర నవ్వింది. టీ దగ్గర నవ్వలేదు. జల్లెడ మాట దగ్గరికి వచ్చేసరికి చేట ఆపింది. చివరిదాకా వినలేదు.

"పంపు మాట చెప్పింది నేను" అన్నది. "నువ్వు దుప్పటి ముసుగు పెట్టుకోని గోడ పక్కకు తిరిగి, ఇంటికి పోతాము, పోతాము అని ఏడస్తా ఉండినావు. డబ్బాలో ఇంగా నీలం మాత్రలు ఉండాయి, అవేస్తే సరిపోతాదంటివి. నేనే డాక్టరమ్మకి చెప్పినాను, ఈయన పొద్దస్తమానం జల్లెడ గీకి బతికిన మనిషి, ఈయన మాట వినొద్దు, నువ్వు గీకమ్మా అని. ఆ యమ్మ ఏ ప్రొఫెసర్నీ తలుచుకోలా. సరే అన్నది, అంతే. రాసేవాడివి సరిగ్గా రాయి. అదిగో, చదవతా చదవతా కాలు కింద పెట్టినావు. ఎత్తు."